లెక్కలోకి రాని సైన్యం: నడిగడ్డ యుద్ధాల్లో గుర్రం, ఏనుగు, ఎద్దు

ఈసారి ఎపిసోడ్ గదిలో కూర్చొని కాకుండా మానవపాడు పొలాల మధ్య నిలబడి చేస్తున్నాను. నా వెనక కనపడేది నల్లరేగడి భూమి. దక్షిణాన తుంగభద్ర, అది దాటితే కర్నూలు. ఉత్తరాన కృష్ణ. తూర్పున ఆలంపూర్ దగ్గర్లో ఈ రెండు నదులూ కలుస్తాయి. వాయవ్యంగా పోతే రాయచూరు. రెండు నదుల నడుమ ఉన్న గడ్డ కాబట్టి దీన్ని నడిగడ్డ అంటాం. చరిత్ర పుస్తకాల్లో ఇదే రాయచూరు అంతర్వేది.

ఆ మధ్య ఇక్కడి పిల్లలతో రాయచూరు యుద్ధం గురించి మాట్లాడుతున్నాను. రాజులెవరు, సైన్యాలెంత, ఎవరు గెలిచారు, అంతా చెప్పాను. చివర్లో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, గుర్రాలు ఎన్ని చచ్చిపోయినయ్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మనుషుల లెక్కలు చెప్పగలను, అవి కొంచెం అటూ ఇటూ అయినా సరే. పట్టుకున్న గుర్రాల లెక్క కూడా చెప్పగలను. చచ్చిపోయిన గుర్రాల లెక్క మాత్రం నాకెక్కడా కనపడలేదు. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. ఈ ఎపిసోడ్ ఆ పిల్లవాడికి నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

ముందు ఒక మాట గుర్తు చేసుకుందాం. సైన్యానికి మనవాళ్ళు పెట్టిన పాత పేరు చతురంగ బలం. రథం, గజం, తురగం, పదాతి. నాలుగు అంగాలు. వీటిలో మనిషి ఒంటరిగా నిలబడేది ఒక్క పదాతిలోనే. మిగతా మూడూ జంతువు లేకపోతే కదలవు. అలాగే మన దేశంలో రాజులకు మూడు పెద్ద బిరుదులు ఉండేవి. ఒరిస్సా రాజులు గజపతులు. ఢిల్లీ, దక్కన్ సుల్తానులు అశ్వపతులు. విజయనగర రాజులు నరపతులు. ఏనుగులున్నవాడు, గుర్రాలున్నవాడు, మనుషులున్నవాడు అని అర్థం. అంటే రాజు బలాన్ని కొలిచే కొలబద్దే జంతువు. అలాంటప్పుడు వాటిని 'సైన్యానికి సాయం చేసినవి' అనడం చాలా తక్కువ చేసి చెప్పడమే అవుతుంది.

నరపతులకు మనుషులున్నారు, మరి గుర్రాలు? అక్కడే చిక్కంతా వచ్చింది. దక్కన్‌లో గుర్రాలు లేవని కాదు, ఉన్నాయి. పొట్టి గుర్రాలు, బక్క గుర్రాలు. కవచం తొడుక్కున్న మనిషిని మోస్తూ రోజంతా పరిగెత్తే పెద్ద గుర్రం ఇక్కడ పుట్టేది కాదు. మన ఎండ, మన మేత దానికి పడవు. 13వ శతాబ్దం చివర్లో దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో ఈ విషయం రాశాడు. ఏటా వేల గుర్రాలు ఓడల్లో దిగుతున్నాయి, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగలడం లేదు, ఎందుకంటే ఇక్కడివాళ్ళకు వాటిని సాకడం తెలియదు, వండిన అన్నం పెడుతున్నారు అని. అతను చెప్పింది తమిళ దేశం గురించి. కొంచెం పెంచి చెప్పి ఉండొచ్చు కూడా. కానీ మొత్తం మీద కథ అదే. గుర్రం అరబ్బు దేశాల నుంచి, పర్షియా నుంచి రావాలి. హోర్ముజ్ రేవులో ఎక్కాలి, సముద్రం దాటాలి, పడమటి తీరంలో దిగాలి, కనుమలు ఎక్కి ఇక్కడిదాకా నడవాలి.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. విజయనగరం గురించి మనకు ఎక్కువ వివరాలిచ్చిన వాళ్ళలో ఫెర్నావో న్యూనిజ్ అనే పోర్చుగీసువాడొకడు. 1535 ప్రాంతంలో అక్కడ ఉన్నాడు. అతని వృత్తి గుర్రాల వ్యాపారం. అంటే మన చరిత్రలో పెద్ద భాగం మనకు ఒక గుర్రాల బేరగాడి కలం నుంచి వచ్చింది. రాబర్ట్ స్యూయెల్ 1900లో అతని రాతను ఇంగ్లీషులోకి తెచ్చి అచ్చు వేశాడు.

న్యూనిజ్ ఏం రాశాడంటే, సాళువ నరసింహరాయలు గుర్రాలను బతికున్నా, చచ్చినా కొనేవాడట. వెయ్యి పర్దావులకు మూడు గుర్రాలు. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చినట్టే డబ్బు ఇచ్చేవాడు. మనకో సామెత ఉంది కదా, ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని. అది అలంకారంగా అన్న మాట. ఇక్కడ మాత్రం నిజంగానే చచ్చిన గుర్రానికి రేటు కట్టారు. ఆలోచించండి, రాజు ఎందుకలా చేశాడు? నష్టం భయంతో వ్యాపారి ఓడ ఎక్కించడం మానేస్తే శత్రువుకు గుర్రాలుంటాయి, తనకు ఉండవు. అందుకని చావు ఖర్చు కూడా తనే పెట్టుకున్నాడు. రాజు ఖజానాలో అది ఒక పద్దు. ఓడ అడుగున వేడికి, దాహానికి చచ్చిపోయి సముద్రంలో పడిన గుర్రం నుంచి మిగిలింది ఒక తోక.

గుర్రం లేకపోతే ఏమవుతుందో విజయనగరం అప్పటికే చూసింది. ఫిరిష్తా రాసిన చరిత్రలో రెండో దేవరాయలు సభ పెట్టి అడుగుతాడు: మన రాజ్యం పెద్దది, మనుషులు ఎక్కువ, అయినా బహమనీల చేతిలో ఎందుకు ఓడిపోతున్నాం? జవాబుల్లో ఒకటి ఇది. వాళ్ళ గుర్రాలు గట్టివి, అలసట ఓర్చుకుంటాయి. మనవి బక్కచిక్కినవి. రెండోది, వాళ్ళ దగ్గర గుర్రం మీద నుంచి బాణం వేసేవాళ్ళున్నారు. ఆ తరువాత దేవరాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకున్నాడు. గుర్రం దగ్గర మొదలైన ఆలోచన, కొలువులో ఎవరిని పెట్టుకోవాలి అన్నదాకా పోయింది.

బహమనీలకు కూడా గుర్రమే దెబ్బ కొట్టిన సందర్భం ఉంది, అదీ మనకు దగ్గర్లోనే. కృష్ణకు అవతల, ఇప్పటి వనపర్తి జిల్లాలో పానగల్ కోట ఉంది. 1417లో ఫిరోజ్ షా బహమనీ దాన్ని ముట్టడించాడు. రెండేళ్ళు కూర్చున్నా కోట లొంగలేదు. ఇంతలో విడిదిలో రోగం వచ్చింది. మనుషులూ గుర్రాలూ రాలిపోయారు. సైన్యంలో గుండె జారింది. అప్పుడు విజయనగరం సైన్యం మీద పడింది, ఫిరోజ్ షా ఓడిపోయాడు. పాఠంలో మనం 'పానగల్ యుద్ధంలో ఓటమి' అని ఒక్క ముక్కలో చదువుతాం. దాని వెనక రెండేళ్ళపాటు ఒకేచోట కట్టేసి ఉన్న వేల గుర్రాలున్నాయి. ఒకేచోట పేడ, ఒకేచోట నీళ్ళు, చుట్టుపక్కల అయిపోయిన గడ్డి. రోగం రావడానికి ఇంకేం కావాలి?

ఇప్పుడు 1520కి వద్దాం. మే 19. రాయచూరు కోసం శ్రీకృష్ణదేవరాయలకూ, బీజాపూరు ఇస్మాయిల్ ఆదిల్ షాకూ యుద్ధం. న్యూనిజ్ ఇచ్చిన లెక్కలు కూడితే రాయల వైపు 7 లక్షల 3 వేల కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. ఈ సంఖ్యల్లో అతిశయోక్తి ఉందని చాలామంది చరిత్రకారులు అంటారు. అతను యుద్ధం కళ్ళారా చూసినవాడు కూడా కాదు. సరే, సంఖ్య సగానికి తగ్గించుకోండి, పావు చేసుకోండి. నేను చెప్పబోయే విషయం మారదు.

మే నెలలో నడిగడ్డ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. బావుల్లో నీళ్ళు అడుగంటుతాయి. తుంగభద్రలో ఇసుక తేలుతుంది. ఒక గుర్రానికి ఆ ఎండలో రోజుకు తక్కువలో తక్కువ 30 లీటర్ల నీళ్ళు కావాలి. 32,600 గుర్రాలకు దగ్గర దగ్గర 9 లక్షల 78 వేల లీటర్లు. మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు 200. ఒక్క రోజుకు, ఒక్క గుర్రాలకే. మేత? ఒక గుర్రానికి గడ్డీ ఉలవలూ కలిపి పది కిలోలు అనుకుంటే రోజుకు 326 టన్నులు. ఏనుగు ఒక్కోటి నూరు కిలోల పైనే తింటుంది. న్యూనిజ్ ఒక దృశ్యం రాశాడు. సైన్యం ఒక నది దాటుతోంది. ముందు దిగినవాళ్ళకు నీళ్ళు మోకాలి సగం దాకా ఉన్నాయి. సగం సైన్యం దాటేసరికి చుక్క లేదు. వెనక వచ్చినవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వుకున్నారు. చెలమ తవ్వడం మనకు తెలిసిన పనే. కానీ చెలమలో చేరే చెంబెడు నీళ్ళతో గుర్రం దాహం ఎట్లా తీరుతుంది?

దారిలో ఉన్న ఊళ్ళ సంగతి కూడా ఆలోచించండి. ఆ 326 టన్నుల మేత ఆకాశం నుంచి రాదు కదా. సైన్యం ఒక ఊరి పక్క విడిది చేసిందంటే ఆ ఊరి గడ్డివాములు, ఆ ఊరి బావులు అయిపోయినట్టే. వానలు పడి పచ్చగడ్డి లేచేదాకా ఊళ్ళో ఎడ్లకు ఏం పెట్టాలి? ఎడ్లు బక్కచిక్కితే తొలకరికి నాగలి ఎవరు లాగాలి? రాజులు గెలిచినా ఓడినా ఈ నష్టం మాత్రం రైతుకు తప్పేది కాదు.

యుద్ధం ఎలా జరిగిందో పోయినసారి వివరంగా చెప్పాను. మొదట ఆదిల్ షా ఫిరంగులు రాయల ముందు వరసను చెదరగొట్టాయి. తరువాత రాయలు తనే ముందుకు దూకాడు, అవతలి సైన్యం విరిగి కృష్ణ వైపు పరిగెత్తింది. ఇస్మాయిల్ ఆదిల్ షా ఏనుగెక్కి నది దాటి ప్రాణం దక్కించుకున్నాడు. నదిలో మునిగిపోయినవాళ్ళు చాలామంది. గుర్రాలూ మునిగాయి, వాటి లెక్క లేదు. రాయలకు చిక్కినవాటి లెక్క మాత్రం ఉంది: 4,000 హోర్ముజ్ గుర్రాలు, 100 ఏనుగులు, 400 పెద్ద ఫిరంగులు, 900 ఫిరంగి బండ్లు. ఒకే వరసలో. గుర్రం, ఏనుగు, ఫిరంగి, బండి.

ఈ 4,000 గుర్రాల దగ్గర కాసేపు ఆగుదాం. పొద్దున అవి ఆదిల్ షా గుర్రాలు. సాయంత్రానికి రాయల గుర్రాలు. వాటికి తేడా ఏమన్నా తెలుసా? రౌతు మారాడు, భాష మారింది, గడ్డి అదే. గుర్రాలను మనం స్వామిభక్తికి ఆనవాలుగా చెప్పుకుంటాం. కానీ వాటికి పక్షం లేదండి. ఇటు గెలిస్తే వాటికి వచ్చేదీ లేదు, అటు గెలిస్తే పోయేదీ లేదు. సైనికుడికి జీతమో, దోపిడీలో వాటానో, లేదా బలవంతమో, ఏదో ఒక కారణం ఉంది. వాటికి ఏ కారణమూ లేదు. 'సేవ చేశాయి' అనే మాట మనం వాటికి అంటగట్టింది. ఆ మాటను నేనూ ఇన్నాళ్ళు వాడాను.

యుద్ధం అయ్యాక రాయలు రాయచూరు కోట ముట్టడి కొనసాగించాడు. అక్కడ పోర్చుగీసు తుపాకీల వాళ్ళు ఇరవై మంది దాకా సాయం చేశారు. వాళ్ళ నాయకుడు క్రిస్టొవావ్ ద ఫిగరేదో. అతను అసలు వచ్చింది యుద్ధానికి కాదు, గుర్రాలు అమ్ముకోవడానికి. గుర్రాల వెంట తుపాకీ కూడా వచ్చిందన్నమాట. ఇక రాయలు ఏటా 13,000 గుర్రాలు కొని, మంచివి తన లాయంలో ఉంచుకొని మిగతావి నాయకులకు పంచేవాడని న్యూనిజ్ రాశాడు. ఇది వింటే మీకు తెనాలి రామకృష్ణుడి కథ గుర్తుకు రావట్లేదా? రాజు తలా ఒక గుర్రం ఇచ్చి సాకమంటాడు. రామకృష్ణుడు దాన్ని చిన్న పాకలో మూసేసి, ఒక కంత నుంచి పిడికెడు గడ్డి పెడతాడు. చూడటానికి వచ్చిన ఉద్యోగి ఆ కంతలో మొహం పెడితే గుర్రం అతని గడ్డాన్ని గడ్డి అనుకుని పట్టుకుంటుంది. చిన్నప్పుడు పగలబడి నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, గుర్రాల పంపిణీలో ఏం జరిగేదో జనానికి తెలుసు, అందుకే అలాంటి కథ పుట్టింది అనిపిస్తుంది. ఆ కథలో నవ్వనిది ఒక్క గుర్రమే.

ఏనుగు సంగతి వేరు. గుర్రం పరాయి దేశంది, ఏనుగు మన అడవిది. కాకతీయుల కాలంలో ఏనుగుల దళం చూసే అధికారిని గజసాహిణి అనేవాళ్ళు. నృత్త రత్నావళి రాసిన జాయప సేనాని గణపతిదేవుడి దగ్గర గజసాహిణే. ఏనుగును చూస్తే గుర్రాలు బెదురుతాయి, కోట తలుపులు విరుగుతాయి, రాజు ఎత్తున కూర్చొని అందరికీ కనపడతాడు. కానీ ఏనుగుకు భయం వేస్తే ఎవరి మాటా వినదు. 1565 జనవరి 23న, ఇదే కృష్ణ ఒడ్డున, మనకు ఎగువన, రక్కసగి తంగడిగి యుద్ధం జరిగింది. రామరాయలు పల్లకిలో ఉన్నాడు. అవతలి ఏనుగొకటి అటు దూసుకువచ్చింది. బోయీలు పల్లకి వదిలేసి పరిగెత్తారు. ముసలి రాజు దొరికిపోయాడు, తల పోయింది, వార్త పాకగానే సైన్యం చెల్లాచెదురైంది. తరువాత తిరుమలరాయలు విజయనగరం ఖజానాను 550 ఏనుగుల మీద వేసుకుని పెనుగొండకు వెళ్ళాడని స్యూయెల్ రాశాడు. ఓడిపోయిన రాజ్యాన్ని వీపున వేసుకుని నడిచింది కూడా ఏనుగులే.

మన గద్వాల కథ ఒకటి చెప్పకపోతే నడిగడ్డవాళ్ళు ఊరుకోరు. గద్వాల కోట కట్టిన సోమనాద్రి, 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదలు. ఆయన గుర్రం గురించి జనం చెప్పుకునే కథ ఇది. నోటి కథ, శాసనం కాదు. యుద్ధంలో ఆయన గుర్రం శత్రువుల చేతికి చిక్కింది. దాన్ని తీసుకురావడానికి ఒక బంటు రాత్రి వాళ్ళ విడిదిలో చొరబడి గడ్డిలో దాక్కున్నాడు. గుర్రాన్ని కట్టేయడానికి కొట్టిన మేకు గడ్డి కింద ఉన్న అతని చేతిలోంచి దిగింది. కిక్కురుమనలేదు. అందరూ పడుకున్నాక చెయ్యి నరుక్కుని గుర్రాన్ని తోలుకొచ్చాడట. ఎప్పుడు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. ఒక గుర్రం కోసం మనిషి చెయ్యి ఇచ్చాడంటే ఆ గుర్రం విలువ ఎంతో చూడండి. కానీ నేను విన్నంతలో, ఆ గుర్రం పేరేమిటో కథ చెప్పేవాళ్ళెవరూ చెప్పలేదు.

ఇప్పటిదాకా గుర్రం, ఏనుగు. బొమ్మల్లో కనపడేవి ఇవే. వీటి మేత, మనుషుల గింజలు, మందుగుండు, గుడారాలు, ఇవన్నీ ఎవరు మోశారు? ఎద్దు. నన్నడిగితే దక్కన్ యుద్ధాల్లో అసలు బలం ఎద్దే.

తెలుగులో పెరిక అనే మాట ఉంది. ఎద్దు వీపున అటూ ఇటూ వేలాడేలా వేసే గోనె సంచి. అలా మోసేది పెరికెద్దు. ఆ పని చేసినవాళ్ళకు పెరిక అని కులం పేరే వచ్చింది. లంబాడీలది కూడా ఇదే పని, ఇంకా పెద్ద ఎత్తున. తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం, వేల ఎద్దులతో తండాలుగా నడిచేవాళ్ళు. 17వ శతాబ్దంలో గోల్కొండ దారుల్లో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల బిడారు ఎదురైతే ఇరుకు దారిలో అవి దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాశాడు. రెండు మూడు రోజులు!

సైన్యం నడిచేది ఈ బిడారు వెంటే. షాజహాన్ కాలంలో, 1630 ప్రాంతంలో, ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే లంబాడా నాయకులు 1,80,000 ఎద్దులతో వెంట వచ్చారని లంబాడీల సంప్రదాయంలో ఉంది. గుర్రాలు ఎక్కడుంటే వీళ్ళ ఎద్దులూ అక్కడ ఉండాలి కాబట్టి, నీళ్ళకు, గడ్డికి వీళ్ళను ఎవరూ అడ్డగించకూడదని రాగి రేకు మీద రాయించి ఇచ్చాడని చెప్పుకుంటారు. లక్షా ఎనభై వేలు నిజమో కాదో పక్కన పెట్టండి. గుర్రాలూ ఎద్దులూ ఒకచోటే ఉండాలన్న మాటలో మాత్రం యుద్ధ రహస్యమంతా ఉంది. మన పాలమూరు తండాల్లో ఉన్నవాళ్ళ తాతముత్తాతలు ఆ ఎద్దుల వెంట నడిచినవాళ్ళే.

ఎద్దు పడిపోతే యుద్ధం ఎలా ఆగుతుందో 1791లో కనపడింది. టిప్పు సుల్తాన్ మీద ఇంగ్లీషువాళ్ళు, నిజాం, మరాఠాలు కలిసి చేసిన యుద్ధం. ఆ యుద్ధకాలంలో నిజాం అలీ ఖాన్ విడిది చేసింది మన పానగల్‌లోనే. ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ బెంగళూరు పట్టుకుని మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్ళాడు. మే 15న అరకెరె దగ్గర పోరాటంలో గెలిచాడు కూడా. కోట కళ్ళముందే ఉంది. కానీ దారిలో మేత లేదు, టిప్పు సైన్యం ముందే ఖాళీ చేసేసింది. పశువులకు రోగం వచ్చింది. వేల ఎద్దులు చచ్చిపోయాయి. ఫిరంగులు లాగేవి లేవు, బియ్యం మోసేవి లేవు. గెలిచిన సేనాని తన పెద్ద ఫిరంగులను తనే పగలగొట్టించి వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడాది లంబాడీల ఎద్దులను పెద్ద ఎత్తున కూడగట్టుకునే మళ్ళీ వచ్చాడు, ఆసారి టిప్పు సంధికి దిగాడు.

తరువాత రోడ్లు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి. ఎద్దు బిడారుతో పని తీరిపోయింది. ఏ ప్రభుత్వం సైన్యానికి లంబాడీ తిండి మోశాడో, అదే ప్రభుత్వం 1871 తరువాత నేరస్థ జాతుల చట్టం కింద అనేక లంబాడా సమూహాలను అనుమానంగా చూసింది. జంతువుతో పని తీరితే దాన్ని తోలిన మనిషికీ విలువ పోయింది.

గుర్రానికి ఇంకొంత కాలం మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్ ఫ్రాన్స్ వెళ్ళింది. అందులో 20వ దక్కన్ హార్స్ ఒక రెజిమెంటు. పాత నిజాం అశ్విక దళం నుంచి పుట్టిందే అది. దక్కనీ ముస్లింలు, సిక్కులు, జాట్లు ఉండేవాళ్ళు. 1916 జులై 14 సాయంత్రం, సోమ్ యుద్ధంలో, హై వుడ్ అనే అడవి పక్కన నిలువు పైరులోంచి బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూకారు. మెషిన్ గన్ల కాలం అది! కొద్దిసేపు గెలిచినట్టే అయింది, రాత్రి దిగి నేల మీద పోరాడి, తెల్లవారకముందే వెనక్కి రావాల్సి వచ్చింది. నూరుకు పైగా గుర్రాలు నేలకొరిగాయి. ఎక్కడి సికింద్రాబాదు, ఎక్కడి ఫ్రాన్సు!

హైదరాబాద్ సంస్థానం సొంత లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో ఒకే బ్రిగేడ్‌లో ఈజిప్టు, పాలస్తీనాల్లో ఉన్నారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్నాన్ని గుర్రాల మీద పట్టుకున్నది ఈ బ్రిగేడే, ఆ రోజు దాడి చేసింది మైసూరు, జోధ్‌పూర్ వాళ్ళు. ఈ మూడు సంస్థానాల సైనికుల జ్ఞాపకంగా ఢిల్లీలో తీన్ మూర్తి విగ్రహాలున్నాయి. ఎప్పుడైనా వెళ్తే చూడండి. ముగ్గురూ నిలబడి ఉంటారు, చేతుల్లో బల్లేలు. ముగ్గురూ అశ్విక సైనికులే. ఒక్కరికీ గుర్రం లేదు.

ఆ రంగంలో మిగిలిన బ్రిటిష్ సైన్యం గుర్రాలు ఏమయ్యాయి? ఇళ్ళకు రాలేదు. కొన్నిటిని కాల్చేశారు, వేల గుర్రాలను ఈజిప్టులో అమ్మేశారు. 1930లో డొరతీ బ్రూక్ అనే ఇంగ్లీషు ఆమె కైరో వెళ్ళి చూస్తే, సైన్యం ముద్ర ఇంకా ఒంటి మీద ఉన్న ముసలి గుర్రాలు రాతి బండ్లు లాగుతున్నాయి. యుద్ధమై పన్నెండేళ్ళు దాటింది. 1931లో పత్రికకు ఉత్తరం రాసింది, జనం డబ్బు పంపారు, దాదాపు 5,000 గుర్రాలను కొంది. చాలావాటికి ఆమె ఇవ్వగలిగింది కొన్ని రోజుల కడుపునిండా మేత, ఆపైన నొప్పి లేని చావు. 1934లో అక్కడే ఆసుపత్రి పెట్టింది, ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. ఆమె చేసినదాంట్లో నాకు నచ్చింది ఏంటంటే, ఆ గుర్రాలను వీరులని పొగుడుతూ కూర్చోలేదు. ముందు వాటిని వెతికి లెక్కపెట్టింది.

లెక్కపెట్టడం, పేరు పెట్టడం మన నేలకు తెలియని పని కాదు. పక్కనే కర్ణాటకలో, మండ్య జిల్లా ఆతకూరులో పదో శతాబ్దపు రాయి ఒకటి దొరికింది. 949 ప్రాంతంలో తక్కోలం యుద్ధంలో సాహసం చూపిన మణలెరుడు అనే వీరుడికి ఏం కావాలో కోరుకోమంటే, భూమి అడగలేదు, కాళి అనే వేటకుక్కను అడిగాడు. తరువాత ఆ కుక్క అడవిపందితో పోరాడి చచ్చిపోయింది. దాని కోసం రాయి నిలబెట్టి, పేరు చెక్కించి, పూజకు ఏర్పాటు చేశారు. వెయ్యేళ్ళు దాటినా ఆ కుక్క పేరు మనకు తెలుసు. మన కాలంలో భారత సైన్యంలో పెడొంగీ అనే కంచరగాడిద ఉండేది. 1971లో శత్రువుల చేతికి చిక్కి, వీపున బరువుతోనే తన దళానికి తిరిగొచ్చింది. 1992లో దానికి సన్మానం చేసి నీలి మఖ్మల్ గుడ్డ కప్పారు. అలాంటివి ఒకటీ అరా. వేలల్లో ఒక్కటి.

ఆ పిల్లవాడికి నా జవాబు ఇది. బాబూ, ఎన్ని చచ్చిపోయాయో ఎవరూ రాసిపెట్టలేదు. ఎన్ని కొన్నారో రాశారు, ఎంతకు కొన్నారో రాశారు, ఎన్ని దోచుకున్నారో రాశారు. చచ్చిపోయినప్పుడు తోక మాత్రం లెక్కలోకి వచ్చింది. అయితే నువ్వు పరీక్షలో రాయచూరు యుద్ధం గురించి రాసేటప్పుడు రాజుల పేర్ల కింద ఇంకో వాక్యం రాయొచ్చు: ఈ యుద్ధం ఎండాకాలంలో జరిగింది, వేల జంతువులకు నీళ్ళు లేవు అని. మార్కులు వేస్తారో లేదో నాకు తెలియదు కానీ, అది నిజం.

మేము ఇక్కడ కెమెరా సర్దుకుంటుంటే ఒక పెద్దాయన ఎద్దుల జతను తోలుకుని ఈ బాట మీదే పోయాడు. మా చిన్నప్పుడు ఇంటికో జత ఉండేది, ఇప్పుడు వెతుక్కోవాలి. జాతరలో బండలాగుడు పోటీలకు తయారు చేస్తున్నాడట. "ఎంత బరువు లాగుతాయి పెద్దాయనా?" అని అడిగాను. "బరువు సంగతి తర్వాత, ముందు నీళ్ళు తాగనీ" అని తొట్టి దగ్గర ఆపాడు. అవి తాగినంతసేపూ మేమూ ఆగాం.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. సెలవు.